గంజి నాకిన గుర్రం

మా క్యాంపు గేటుకు నా తమ్ముడి కొడుకులు ఈ మధ్య ఒక బోర్డు తగిలించారు. మా తాత నిజాం సర్కారు గుర్రపు దళంలో జమాదారట. ఆడపిల్లలకు సవారీ నేర్పే ఈ వేసవి క్యాంపు ఆయన వారసత్వమట. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. మా తాత కరీంనగర్ దిక్కు ఒక పల్లెలో మగ్గం నేసి బతికినవాడు. గాడిదనైనా ఎక్కాడని నేను వినలేదు. బోర్డు పీకేయమన్నాను.

"అత్తా, లోకానికి గట్ల చెప్తెనే మంచిగుంటది. నీకేం నుక్సాన్?" అన్నాడు పెద్దవాడు.

నాకు నుక్సానే. నేను పని మానేశాక నా జాగాలో నేర్పడానికి ఇద్దరు ఆడపిల్లలు కొత్తగా వచ్చారు. ఆ బోర్డు చదివి, ఇదేదో వీరుల పని అనుకుంటున్నారు. ఈ పనిలో గుర్రం వాటా తక్కువ. పిల్లల తల్లిదండ్రులతో, గల్లీ పెద్దలతో, ఇంట్లోవాళ్ళతో వేగడమే అసలు ఉద్యోగం. అడిగిన ప్రతివాళ్ళకూ మొదటి నుంచి చెప్పలేక నా గొంతు పోతోంది. ఒక్కసారి రాసి పారేస్తే పీడా వదులుతుంది.

బాపు చేసిన బేరం

బతుకుదెరువుకు వలసొచ్చాక మాది షోలాపూర్ జోడ్‌భావి పేట్. ఇంట్లో సగం జాగా గుంట మగ్గానిది, మిగతా సగం మాది. మా బాపు రాజం చాదర్లు నేసేవాడు. నేయడంలో ఆయన చేతికి వంక పెట్టేవాడు లేడు. బేరానికి మాత్రం ఆయనంత పనికిమాలిన మనిషిని నేను చూడలేదు. అవతలివాడు కన్నీళ్ళు పెట్టుకుంటే తనూ పెట్టుకుంటాడు. ఒక ఏడు జాత్రలో అమ్ముకొస్తానని చాదర్ల మూట ఎత్తుకుపోయి, సాయంత్రానికి మూట ఇచ్చేసి ఒక ఆడగుర్రాన్ని తోలుకొచ్చాడు. బూడిద రంగు, ఒక చెవి చిరిగి ఉంది. పేరు మైనా అని కూడా అమ్మినవాడే పెట్టి పంపాడు.

మా అవ్వ గడపలో నిలబడింది.

"ఏందయ్యా ఇది?"

"గుర్రం."

"గుర్రమని నాకు కండ్లు కానస్తలేవా? ఎందుకు తెచ్చినవని అడుగుతున్న."

"టాంగా కడ్త. మిల్లు కాడికెంచి నూలు మోపిస్త."

"టాంగా ఏది?"

ఆయన పోయేదాకా మా ఇంటికి టాంగా రాలేదు. ఆ చెవి చిరిగిన గుర్రాన్ని తిరిగి అమ్ముదామంటే కొనేవాడూ రాలేదు.

ఆరేదాకా గల్లీ పడుగుదే

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజుల్లో తెల్లవారగానే గల్లీలో పడుగులు పరిచేవారు. నిలువు పోగులన్నీ కర్రల మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెట్టాలి. గంజి లేని నూలు మగ్గం మీద నిలవదు. అది ఆరేదాకా గల్లీ పడుగుదే. పెళ్ళివారైనా పాడె అయినా పక్క గల్లీ నుంచి పోవలసిందే.

అలాంటి గల్లీలో మా బాపు ఒక గుర్రాన్ని మేకుకు కట్టాడు. అది మెడ చాచింది. ఎదురుగా నర్సయ్య పెద్దబాపు పడుగు, దాని మీద వెచ్చటి గంజి. మేత చాలని జీవానికి ఇంకేం కావాలి? మేము చూసేసరికి ఒక పక్కంతా నాకేసింది. పోగులు ఒకదానికొకటి అంటుకుని, తెగి, జడలు కట్టాయి.

నర్సయ్య పెద్దబాపు మా గల్లీ పెద్ద. పట్టంచు చీరలు నేసేవాడు. కోపం వస్తే అరిచేవాడు కాదు, గొంతు ఇంకా తగ్గించేవాడు. అదే మాకు ఎక్కువ భయం.

"ఏమ్రా రాజం," అన్నాడు, "ఎలుక కొరికిందంటె సావుకారు ఒప్పుకుంటడు. పిల్లి తెంపిందంటె ఒప్పుకుంటడు. గుర్రం నాకిందని నేను ఏ మొఖంతోని చెప్పాలె?"

బాపుకు ఇలాంటప్పుడు నోరు మూసుకోవడం చేతకాదు. "అన్నా, గంజి గింత పలుచగ పెట్టినవేంది? చిక్కగ పెడ్తె గిన్ని పోగులు తెగకపోతుండె," అన్నాడు.

ఇక చెప్పేదేముంది. పడుగులు పరిచి ఉన్నంతసేపు గుర్రం గల్లీలో కనబడకూడదని పంచాయతీ తీర్పు. ఊరి చివర కుంఠా నాకా అవతల మా మేనమామకు ఒక రాళ్ళ చెలక ఉండేది. జొన్న కూడా సరిగా పండదు. పొద్దున్నే గుర్రాన్ని అక్కడికి తోలుకుపోయి, పడుగులు ఎత్తాక తోలుకురావాలి. మగవాళ్ళు మగ్గం వదిలి రారు. కాబట్టి ఆ పని మా అక్క అంబవ్వకూ నాకూ పడింది.

మా అక్కకు నడకంటే ఒళ్ళు బరువు. కొన్నాళ్ళు సణిగి, ఒక పొద్దున దారి పక్క రాయి ఎక్కి, అక్కడి నుంచి మైనా వీపు మీద కూర్చుంది. నేను దిగమన్నాను.

"అది ఎట్లనన్న నడుస్తనే ఉన్నది గదనే," అంది. "నేను గూడ ఎందుకు నడువాలె?"

మా వంశంలో సవారీ ఇలా పుట్టింది. మా అక్క బద్ధకంతో. ఇది బోర్డు మీద ఎవరూ రాయరు.

చేతులు ఒక తీరు, కాళ్ళు ఒక తీరు

మమ్మల్ని చూసి గల్లీ ఆడపిల్లలు పుల్లలు ఏరుకొస్తామని ఇంట్లో చెప్పి వెంటపడ్డారు. మగ్గానికి నూలు కండెలు చుట్టే పని తప్పించుకోవడానికి వాళ్ళు పులి మీదైనా కూర్చునేవారు. గుర్రం మీద ప్రేమతో వచ్చారని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రేమ తర్వాత వచ్చింది, అదీ అందరికీ కాదు.

కానీ ఒక సంగతి నాకు అక్కడే తెలిసింది. ఆ పిల్లలు నడక వచ్చిన నాటి నుంచి రాట్నం ముందు కూర్చున్నవాళ్ళు. నూలు గట్టిగా లాగితే తెగుతుంది, వదిలేస్తే చిక్కుపడుతుంది. కళ్ళెం కూడా అంతే. తర్వాత ఎన్నో ఏళ్ళు బంగళాల పిల్లలకు నేర్పాను. గుర్రం నోరు చీలిపోయేలా లాగేవారు. మా గల్లీ పిల్లలకు చేతుల పాఠం చెప్పవలసిన అవసరమే రాలేదు.

కాళ్ళ సంగతి వేరు. నర్సయ్య పెద్దబాపు చిన్నబిడ్డ లచ్చవ్వ ఉండేది, మేము లచ్చి అనేవాళ్ళం. అన్నలు తిండికి లేచినప్పుడు దొంగతనంగా మగ్గం గుంటలో దిగి నాలుగు వేళ్ళంత బట్ట నేసే పిల్ల. అందుకని గుర్రం ఎక్కినా కాళ్ళు ఊరుకోవు. మగ్గం కింద చెక్కలు తొక్కినట్టు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. మైనా పాపం ఎడమ డొక్కలో తగిలితే కుడికి, కుడి డొక్కలో తగిలితే ఎడమకు. తాగినవాడి నడకలా ఉండేది.

"లచ్చీ, కింద మగ్గం లేదే," అన్నాను.

"నాకు ఎర్కనే సత్తక్కా. నా కాళ్ళకు ఎర్కలేదు," అంది.

చెప్పి చెప్పి విసిగి, చివరికి రెండు మోకాళ్ళకూ గుర్రానికీ మధ్య చెరో జొన్నబెండు పెట్టి, అవి జారిపడితే దిగి నడవాల్సిందే అన్నాను. నడవడం ఆమెకూ ఇష్టం లేదు. కాళ్ళు కుదిరాయి. ఆ జొన్నబెండు ఇప్పటికీ మా క్యాంపులో వాడుతున్నాం. కుదిరాక మాత్రం లచ్చి కూర్చున్నట్టు ఇంకెవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

నా ఇద్దరు బాసులు

షోలాపూర్‌లో తెల్లదొరలు 1930లో మార్షల్ లా పెట్టి, ఎత్తేసిన తర్వాత రోజులవి. ఎక్కడ చూసినా తాలీంలు, కసరత్తులు. ఆడపిల్లల బడి ఒకటి నడిపే మరాఠీ ఆమె మమ్మల్ని కుంఠా నాకా దగ్గర చూసింది. మేమంతా ఆమెను హెడ్ బాయి అనేవాళ్ళం. మే నెల సెలవుల్లో తన బడి పిల్లలను పంపుతానని, ఆ చెలకలోనే ఉండి సవారీ నేర్చుకుంటారని నేరుగా మా అవ్వతో మాట్లాడింది. బాపుతో మాట్లాడకపోవడం ఆమె తెలివి.

అవ్వ ఒప్పుకుంది. మామ రేకుల కొట్టం వేశాడు. ఒక్క గుర్రం చాలదని, టాంగాల వాళ్ళు వదిలేసిన రెండు తట్టువ గుర్రాలను, పెళ్ళి బ్యాండు వాళ్ళ తెల్ల గుర్రాన్ని పోగు చేశాం. ఆ తెల్ల గుర్రం పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. పిల్లను ఎక్కించాక బ్యాండు మేస్త్రి వచ్చి, "చలా చలా, వరాత్ ఉన్నది," అని పెళ్ళి ఊరేగింపుకు గుర్రాన్ని లాక్కుపోయేవాడు. పెళ్ళిళ్ళన్నీ మే నెలలోనే కదా.

హెడ్ బాయికి క్రమశిక్షణ పిచ్చి. డ్రిల్లు పుస్తకం చూసి ఇంగ్లీషులో ఆర్డర్లు ఇచ్చేది. అవి పిల్లలకూ అర్థం కావు, గుర్రాలకూ అర్థం కావు. పైగా విజిల్ ఊదేది. విజిల్ వింటే తెల్ల గుర్రం ఊరేగింపు మొదలైందనుకుని ముందు కాళ్ళెత్తి ఆడేది. ఊదవద్దని ఎన్నిసార్లు చెప్పినా, తప్పు గుర్రానిదే అనేది. అయినా ఆమెలో ఒక గుణం ఉంది. ఆడపిల్లకు ఇది ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నా కాలంలో అలాంటివాళ్ళను ఇంకొకరిని చూడలేదు.

అవ్వ రెండో బాసు. ఆమెకు గుర్రాలంటే అసహ్యం. రొట్టెలు కాలుస్తూ క్యాంపు నడిపింది. పొద్దున పేడ ఎత్తని పిల్లకు ఆ రోజు సవారీ లేదు, అది డాక్టరు కూతురైనా సరే. ఈ నియమం నేనూ మార్చలేదు, మీరూ మార్చవద్దు.

గల్లీ ఆడవాళ్ళు బట్టల గురించి గొడవకు వచ్చారు. చీరకు గోసి పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి కూర్చోవడం ఏమిటని. అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"గోసి వెట్టి బురదల నాట్లేస్తె రాని సిగ్గు, గోసి వెట్టి గుర్రమెక్కితె వచ్చిందా? పోండ్రి, రొట్టె మాడుతున్నది."

వాళ్ళు పోయారు. నర్సయ్య పెద్దబాపు మాత్రం పోయేరకం కాదు. ఒక సాయంత్రం వచ్చి, మామూలుగా గొంతు తగ్గించి చెప్పాడు.

"క్యాంపు ఆఖరినాడు మేం పెద్దమనుషులం వచ్చి చూస్తం. ఒక్క పోరి కింద పడ్డదో, గల్లీ పోరీలందరు మల్ల కండెల కాడికే. నా లచ్చి గూడ."

ఆ రాత్రంతా... కాదు, ఆ తర్వాత రోజులన్నీ నాకు అదే దిగులు. లచ్చికి అప్పటికే సంబంధం ఖాయం చేశారు. వచ్చే చలికాలం పెళ్ళి. నీళ్ళ తొట్టి దగ్గర మైనాను కడుగుతూ నాతో అంది.

"సత్తక్కా, నాకు ఇదొక్కటే ఎండకాలం. దీన్ని గూడ గుంజుకుంటరా?"

నవారుకు గంజి

ఆఖరి రోజు కోసం బాపు ఏదో చేయాలనుకున్నాడు. ఆయన ఏదో చేయాలనుకున్నప్పుడల్లా మా కొంప మునిగేది. అప్పటిదాకా జీను నిలవడానికి గుర్రం పొట్ట కింద పాత తోలు పట్టీలు బిగించేవాళ్ళం. బాపు మగ్గం మీద కొత్త పట్టీలు నేశాడు, మంచం నవారు మాదిరిగా, ఎర్ర అంచులతో. చూడటానికి అందంగా, బిరుసుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. పెద్దమనుషుల ముందు తలెత్తుకునేలా ఉన్నాయని అందరం మురిసిపోయాం. జీన్లు కడుతుంటే తెల్ల గుర్రం వచ్చి మైనా పట్టీని నాకడం మొదలుపెట్టింది. అక్క దాని మూతి మీద ఒకటి వేసి అవతలికి నెట్టింది. అంతమంది నేతవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

పెద్దమనుషులు చాదర్లు పరిపించుకుని నీడలో కూర్చున్నారు. బడి పిల్లలు చుట్లు తిరిగి వచ్చారు, గల్లీ పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎవరూ పడలేదు. చివర లచ్చి. మొదటి చుట్టు బాగా తిరిగింది. తండ్రి ముఖంలో ఏమీ కనబడలేదు కానీ, ఆయన కూర్చున్నవాడు కాస్త ముందుకు వంగాడు. రెండో చుట్టులో మైనాకు చెమట పట్టింది. దౌడు అందుకోగానే జీను పక్కకు జారింది. నా కళ్ళ ముందే లచ్చి రాళ్ళ మీద పడింది.

పెద్దబాపు లేచి నిలబడ్డాడు. అయిపోయిందనుకున్నాను.

లచ్చి మోచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అది చూసుకోలేదు. మైనాను పట్టుకుని, వేలాడుతున్న పట్టీని వేళ్ళతో నలిపి, నాలుక మొనతో తాకింది. తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, గంజి."

పెద్దబాపు వచ్చాడు. బిడ్డ మోచేయి వైపు ఒక్క చూపు, తర్వాత పట్టీ. ఆయనా నాలుకతో తాకాడు. అప్పుడు మా గల్లీ జీవితంలో మొదటిసారి ఆయన అరవడం విన్నాను.

"ఏమ్రా రాజం! చెమటల నానే పట్టికి గంజి పెట్టినవా? నానితె మెత్తవడి జారదా?"

"గంజి పెట్టకుంట నేసిన పని చేతికి ఎట్ల ఇస్తరన్నా? బిరుసు ఎట్లొస్తది?" అన్నాడు బాపు.

"బిరుసు గంజితోని గాదు, దెబ్బతోని రావాలె! అడ్డపోగు గట్టిగ కొట్టినవా? సూడు, గోరు దూరుతున్నది!"

తక్కినవాళ్ళూ లేచి వచ్చారు. ఒకరు జొన్న గంజి అన్నారు, ఒకరు బియ్యపు గంజి అయితే ఇంత జిగట ఉండదన్నారు. నవారు నేసే మనిషి దువ్వెన దెబ్బ ఎలా ఉండాలో ఒకరు గాలిలో చేతులతో చూపించారు. బాపు ఒక్కడే అందరితో వాదించాడు. వాళ్ళ ఎదురుగా ఒక పిల్ల పడిందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

లచ్చి వాళ్ళ చేతుల్లోంచి పట్టీ లాక్కుంది. కొత్త బట్ట గంజి పోయేలా ఉతికినట్టు తొట్టిలో ముంచి, రాయి మీద రుద్ది, పిండింది. అక్కా తనూ చెరో కొసా పట్టి బిగించారు. తడి నూలు కదా, ఇనుములా పట్టుకుంది. లచ్చి మళ్ళీ ఎక్కింది. హెడ్ బాయి ఉత్సాహం పట్టలేక విజిల్ ఊదింది. తెల్ల గుర్రం డాన్సు మొదలుపెట్టింది. ఆ గోలకు పెద్దమనుషులు తలలు తిప్పేసరికి లచ్చి మిగిలిన చుట్టు దౌడు తీసి వచ్చి మైనాను ఆపింది.

నవారుకు గంజి ఉండాలా వద్దా అన్నది ఆ రోజు తేలలేదు. ఆడపిల్లలు గుర్రం ఎక్కాలా వద్దా అన్నది కూడా తేలలేదు. పెద్దలు వాదించుకుంటూనే ఇళ్ళకు పోయారు. క్యాంపుకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. వద్దనడం మరిచిపోయారంతే. కొత్తగా వచ్చిన అమ్మాయిలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మీకు అనుమతి ఇచ్చేవాళ్ళ కోసం కూర్చుంటే జీవితం గడిచిపోతుంది. ఎక్కించే ముందు పట్టీ మాత్రం చూడండి.

పెద్దబాపు

చలికాలంలో లచ్చి పెళ్ళి అయింది. పెళ్ళికొడుకు ఎక్కివచ్చింది మా తెల్ల గుర్రమే. లచ్చి పసుపు బట్టల్లో తలుపు సందులోంచి తొంగి చూసింది.

"మోకాళ్ళు చూడు సత్తక్కా," అని నా చెవిలో అంది, "ఎంత ఎడంగున్నయో. జొన్నబెండు నిలుస్తదా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమెను అత్తారింటికి భివండీ పంపారు. మళ్ళీ గుర్రం ఎక్కలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఎండలు ముదిరే ముందు పెద్దబాపు ఇంటి నుంచి ఒక మూట వచ్చేది. గంజి లేని పట్టీలు, గోరు దూరనంత గట్టి నేత. మాట మాత్రం ఒక్కటీ వచ్చేది కాదు. ఎదురుపడితే గుర్రాల ఊసెత్తడు. మంచిదనీ అనడు, చెడ్డదనీ అనడు. ఆ మనిషి మౌనంతో నేను పడిన విసుగు ఏ గుర్రంతోనూ పడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తర్వాత ఒక ఎండాకాలం ఆయనే స్వయంగా చెలకకు వచ్చాడు. ముసలివాడైపోయాడు. చేతిలో ఒక పిల్ల చేయి ఉంది. చూడగానే ఎవరి కూతురో తెలిసింది. నేను జీను వేయించాను. ఆయన వంగి, మైనా తర్వాత వచ్చిన గుర్రం పొట్ట కింద చేయి పెట్టి, తను నేసిన పట్టీనే నాలుక మొనతో తాకి చూశాడు.

"ఎక్కియ్యి," అన్నాడు. "ఒక్క ఎండకాలం గాదట. లచ్చి ఏటేట పంపుతదట. నన్నే తోలుకపొమ్మన్నది."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఈ మాట అప్పుడే అని, పెండ్లి రెండేండ్లు ఆపితే, లచ్చికి ఇంకో రెండు ఎండకాలాలు దొరుకుతుండె గద పెద్దబాపూ," అన్నాను.

పట్టీ ముడి ఇంకోసారి లాగి చూసి, మనవరాలి పాదం తన చేత్తోనే రికాబులో పెట్టాడు.